1003 టీవీల గోపురం ముందు నిలబడ్డాను, ఒక్కటీ వెలగలేదు. కొరియా కళ తెలిసినవాళ్లు కాస్త రండి

కృష్ణలంక | శనివారం రాత్రి 9:12

ఆఫీసు పని మీద సియోల్ వచ్చి రెండు వారాలైంది. ఇవాళ సెలవు దొరికితే గ్వాచాన్ వెళ్లాను. ఊరి శివార్లలో, కొండల మధ్య ఉంది అక్కడి జాతీయ ఆధునిక కళల మ్యూజియం. లోపలికి అడుగుపెట్టగానే పెద్ద గుండ్రటి బావిలాంటి చోట ఒక గోపురం కనిపిస్తుంది. రాతిదీ కాదు, ఇటుకదీ కాదు. అన్నీ టీవీలే. వీపు బయటికొచ్చిన పాత డబ్బా టీవీలు. కింద పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి, మొత్తం 1003. ఎత్తు 18.5 మీటర్లు. చుట్టూ ఏటవాలు దారి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది, నడుస్తూ ప్రదక్షిణం చేసినట్టు చూడొచ్చు.

చేశాను ప్రదక్షిణం. ఒక్క టీవీ వెలగడం లేదు. నల్లటి అద్దాలన్నిట్లో నా మొహమే చిన్నచిన్నగా కనిపించింది. అక్కడ కూర్చున్న ఆవిడ ఫోన్‌లో అనువాదం పెట్టి చూపించింది: మధ్యాహ్నం కాసేపే వేస్తారట, ట్యూబులు ముసలివైపోయాయట. ముందే చూసుకోకుండా పొద్దున పదిన్నరకే పోయి నిలబడటం నా తెలివితక్కువ.

కట్టినాయన నామ్ జున్ పైక్. 1988లో, సియోల్ ఒలింపిక్స్‌కి రెండు రోజుల ముందు మొదటిసారి వెలిగించారట. నా సందేహం ఇది. ఈయన జపాన్‌లో చదివాడు, జర్మనీలో పేరు తెచ్చుకున్నాడు, అమెరికాలో స్థిరపడ్డాడు, అక్కడే పోయాడు. మరి ఇది కొరియా కళ ఎలా అవుతుంది? పక్క గదుల్లో తెల్లటి తెల్లటి బట్టల మీద గీతలు కూడా చూశాను. అవీ అర్థం కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సూటిమాట | శనివారం రాత్రి 9:30

అన్నా, అర్థం కాకపోతే తప్పు నీది కాదు. టీవీలు పేర్చుడు కళ ఎట్లైతది? మా గల్లీల పాత సామాను కొనేటోని దుకాణంల గిట్లనే పేర్చి ఉంటయి. ఆయననే 1984ల 34 ఏండ్ల తర్వాత సియోల్‌ల దిగినప్పుడు విలేకర్ల ముంగట కళ అంటే సగం మోసమే అన్నడు. ఇగ మనం చర్చ పెట్టుడెందుకు?

ఎల్‌ఓటీ బాబాయ్ | శనివారం రాత్రి 10:05

నాకు కళ గురించి ఏమీ తెలీదు. 1986 నుంచి 2011 దాకా టీవీ రిపేరు షాపు నడిపాను. గవర్నరుపేటలో ఎల్‌ఓటీ (టీవీ లోపల హైవోల్టేజీ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్) మార్చాలంటే నా దగ్గరికే వచ్చేవాళ్లు, అందుకే ఈ పేరు.

ఈ పైక్ గురించి మా అబ్బాయి ఒక వీడియో చూపించాడు. నా కళ్లు తిరిగిపోయాయి. 1963లో జర్మనీలో ఉప్పర్టాల్ అనే ఊళ్లో 13 సెకండ్‌హ్యాండ్ టీవీలు పెట్టి ప్రదర్శన చేశాడు. అందులో ఒకటి తెచ్చేటప్పుడే దెబ్బతింది. బొమ్మంతా కుంచించుకుపోయి తెర మధ్యలో ఒక్క తెల్ల గీత మిగిలింది. మెకానిక్‌లకి ఎవరికైనా చూడగానే తెలిసిపోతుంది, అది వర్టికల్ సెక్షన్, అంటే బొమ్మని పైకీ కిందకీ సాగదీసే భాగం, పోవడం. నా జీవితంలో అలాంటివి కొన్ని వేలు బాగుచేసి ఉంటాను. అలాంటి సెట్టు వస్తే ముందు బ్రైట్‌నెస్ తగ్గించేవాళ్లం, లేకపోతే ఆ గీత ఉన్నచోట ట్యూబు మాడిపోతుంది. ఆయన ఏం చేశాడో తెలుసా? బాగుచేయలేదు. సెట్టుని పక్కకి తిప్పి నిలబెట్టాడు. అడ్డగీత నిలువు గీత అయింది. దానికి ధ్యానం పేరు పెట్టాడు.

ఇంకోటి. 1965లో టీవీ మీద పెద్ద గుర్రపునాడా అయస్కాంతం పెట్టాడు. లోపల ఎలక్ట్రాన్ల ధార వంగిపోయి తెర మీద ముగ్గులాంటి మెలికలు పడ్డాయి. మా దగ్గరికి ఇలాంటి కేసులు సంక్రాంతికీ దసరాకీ వచ్చేవి, పండగకి పెద్ద స్పీకర్లు కొని టీవీ పక్కనే పెట్టేవాళ్లు, తెర మూలల్లో పచ్చమచ్చలు వచ్చేవి. అయస్కాంతం వదిలించే డీగాసింగ్ కాయిల్ పట్టుకుని తెర ముందు గుండ్రంగా తిప్పుతూ వెనక్కి వెనక్కి నడిస్తే పోయేవి. మేం ఫాల్ట్ అని వసూలు చేసినదాన్ని ఆయన బొమ్మ అన్నాడు. సూటిమాట బాబూ, మోసం అంటే ఒప్పుకుంటాను కానీ, ఈ మోసం నాకు ఇరవై అయిదేళ్లు తట్టలేదే!

కుంచె మాస్టారు | శనివారం రాత్రి 10:48

బాబాయ్ గారూ, ఈ వేదికలో ఇంతవరకూ పైక్ గురించి ఇంత సూటిగా ఎవరూ రాయలేదు. నేను ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పాతికేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, నాకూ ఆ వర్టికల్ సెక్షన్ సంగతి ఇవాళే తెలిసింది.

కృష్ణలంక గారి ప్రశ్నకి వస్తాను. పైక్ 1932లో సియోల్‌లో కలిగిన కుటుంబంలో పుట్టాడు. 1950లో కొరియా యుద్ధం రాగానే కుటుంబం దేశం దాటింది. టోక్యోలో చదివాడు, 1956లో సంగీతం కోసం జర్మనీ వెళ్లాడు, అక్కడ అమెరికన్ సంగీతకారుడు జాన్ కేజ్ పరిచయమయ్యాడు. ఒకసారి ప్రదర్శన మధ్యలో ప్రేక్షకుల్లోకి దిగి కేజ్ టై కత్తిరించేశాడు. 2006లో పైక్ చనిపోయినప్పుడు న్యూయార్క్‌లో అంత్యక్రియలకి వచ్చినవాళ్లు ఒకరి టై ఒకరు కత్తిరించి ఆయన మీద పెట్టారు.

కొరియా ఎక్కడుంది అంటారా? 1003 అనే అంకె చూడండి. అక్టోబరు 3 కొరియా వాళ్ల జాతి అవతరణ దినం. 10, 03. ఆకారం వాళ్ల బౌద్ధ గోపురానిది. టీవీలు ఇచ్చింది శామ్‌సంగ్. 1950లో బూడిదైపోయిన దేశం 38 ఏళ్లలో ప్రపంచానికి టీవీలు అమ్మే స్థితికి వచ్చింది. ఆ టీవీలనే ఇటుకలు చేసి ఒలింపిక్స్ అతిథుల ముందు గోపురం కట్టాడు. ఇంతకన్నా కొరియా కథ ఏముంటుంది?

సూటిమాట | శనివారం రాత్రి 11:02

మాస్టారు, అంకె కలిసినంత మాత్రాన కొరియా అయితదా? గట్లంటే మా అపార్ట్‌మెంట్‌ల 108 ఫ్లాట్లున్నయి, గుడి అంటరా దాన్ని?

ఒంగోలు గిత్త | ఆదివారం ఉదయం 6:20

టీవీలు పక్కన పెట్టండి. నా పేరు చూసే ఉంటారు, నాకు ఎద్దు కావాలి.

కొరియా కళ అంటే నాకు ముందు గుర్తొచ్చేది లీ జుంగ్ సాప్ ఎద్దు. 1916లో పుట్టాడు, 1956లో నలభై ఏళ్లకే పోయాడు. ఆయన గీసిన తెల్ల ఎద్దు బొమ్మ మొదటిసారి చూసినప్పుడు మా నాన్న పందెం ఎడ్లు గుర్తొచ్చాయి. అయితే తేడా ఉంది, వినండి. మన గిత్త అందం మూపురంలో ఉంటుంది, గంగడోలులో ఉంటుంది, నడకలో ఉంటుంది. కొరియా ఎద్దుకి మూపురం లేదు. లీ దాన్ని దాదాపు ఎముకలతో గీశాడు. వెన్నుపూస ఒక్క తెల్లటి గట్టి దెబ్బ. మెడ కిందకి దించి, ముందుకాలు ఎత్తి, కన్ను మాత్రం మన వైపు తిప్పి ఉంటుంది. బండ లాగుడు పందెంలో ఆఖరి అడుగుల్లో ఎడ్ల కళ్లు చూసినవాళ్లకి ఆ చూపు తెలుస్తుంది. అది కోపం కాదు. ఇంక నా వల్ల కాదు అనీ కాదు. లాగుతూనే ఉంటుంది, అంతే.

ఆయన ఎద్దుల్ని గీయడం మొదలుపెట్టిన రోజుల్లో దేశం జపాన్ కింద ఉంది. కొరియా భాష బడుల్లోంచి తీసేశారు, పేర్లు కూడా జపాన్ పేర్లు పెట్టుకోమన్నారు. అప్పుడు ఎద్దుని గీయడం అంటే ఏం గీస్తున్నాడో వాళ్ల జనానికి విడమరచి చెప్పక్కర్లేదు.

పెనుకొండ_42 | ఆదివారం ఉదయం 7:05

గిత్తన్నా, నిజమే. నేను పెనుకొండ పక్కన కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో చేస్తా. మా లైన్లో కొరియా సూపర్‌వైజరు ఒకాయన ఉండాడు. పోయిన నెల లేపాక్షికి పిల్చకపోయినాం, బసవన్నను చూసి ఆయన చానాసేపు చుట్టూ తిరిగినాడు. రాతి మెడలో గంటలు, గొలుసులు చెక్కినారు చూడు, వాటిని వేలితో చూపిచ్చుకుంటా పోయినాడు. తర్వాత ఫోన్ తీసి ఒక ఎద్దు బొమ్మ చూపిచ్చినాడు. ఎర్రటి ఆకాశం ముందర ఎద్దు తల, నోరు తెరిచి అరస్తా ఉంటుంది. మా బడి పుస్తకంలో ఉండేది అన్నాడు. పేరు నాకు ఇప్పుడు ఇక్కడ తెలిసింది.

ఒంగోలు గిత్త | ఆదివారం ఉదయం 7:31

అదే లీ జుంగ్ సాప్‌ది తమ్ముడూ. ఆ ఎద్దుకి వెనక కథ ఉంది, చెప్పకుండా ఉండలేను.

ఆయన టోక్యోలో చదివేటప్పుడు జపాన్ అమ్మాయిని ప్రేమించాడు. యమమోతో మసాకో. 1945లో ఆమె సముద్రం దాటి వచ్చి పెళ్లి చేసుకుంది. యుద్ధంలో ఉత్తరం నుంచి పారిపోయి, ఇద్దరు పిల్లలతో దక్షిణాన జెజు దీవిలో సొగ్విపోలో తలదాచుకున్నారు. ఆ గది ఇప్పటికీ ఉంది, 5 చదరపు మీటర్లు కూడా లేదు, నలుగురూ అందులోనే. తిండి లేక ఒడ్డున పీతలు పట్టుకుని తిన్నారు. తర్వాత ఆయన బొమ్మలు చాలావాటిలో పీతలు, పిల్లలు ఒకళ్లనొకళ్లు పట్టుకుని దొర్లుతూ ఉంటారు. తిన్నందుకు పీతలకి క్షమాపణ చెప్పుకున్నట్టు ఉంటుంది నాకు.

1952లో భార్యాపిల్లలు జపాన్ వెళ్లిపోయారు. ఆ తర్వాత 1953లో ఒక్కసారి, కొద్ది రోజులే కలిశాడు. 1956లో సియోల్ ఆస్పత్రిలో ఒంటరిగా పోయాడు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు, 2022లో 101 ఏళ్ల వయసులో పోయింది.

బొమ్మ గీయడానికి కాగితం ఉండేది కాదు. సిగరెట్ పెట్టె లోపల ఉండే వెండిరేకు తీసి, చదును చేసి, సూదిమొన లాంటి దానితో గీకి, పైన రంగు పూసి తుడిచేసేవాడు. గీతల్లో మాత్రం రంగు ఉండిపోయేది. పాత కొరియా కుండల మీద గీత తవ్వి వేరే మట్టి నింపే పని ఉందట, అదే కిటుకు. అరచేతిలో పట్టేంత రేకు మీద ఇల్లూ పిల్లలూ పీతలూ. వాటిలో మూడింటిని ఆర్థర్ మెక్‌టాగర్ట్ అనే అమెరికన్ అధికారి న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియానికి ఇచ్చాడు.

సువాన్ అక్క | ఆదివారం ఉదయం 9:15

గిత్త గారూ, ఏడిపించారు పొద్దున్నే.

నేను సువాన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నా. మా ఇంటికి దగ్గర్లో ఒక వీధి ఉంది, దానికి నా హే సొక్ పేరు పెట్టారు. సాయంత్రమైతే బీరు, వేయించిన కోడి, అరుపులు. మధ్యలో ఆమె విగ్రహం. వచ్చిన కొత్తలో ఎవరో రాణి అనుకున్నా. అడిగితే తెలిసింది, కొరియాలో తైలవర్ణ చిత్రాలు వేసిన తొలి మహిళ. ఈ ఊళ్లోనే 1896లో పుట్టింది. 1921లో సియోల్‌లో సొంత ప్రదర్శన పెట్టింది, అప్పటికి కొరియా ఆడవాళ్లలో ఎవరూ చేయని పని. 1927లో భర్తతో కలిసి రైల్లో సైబీరియా మీదుగా పారిస్ వెళ్లింది, ఐరోపా అంతా తిరిగింది. తిరిగొచ్చాక పారిస్‌లో వేరే అతనితో సంబంధం ఉందని భర్త విడాకులిచ్చాడు. 1934లో ఆమె ఒక పత్రికలో తన విడాకుల గురించి తనే బాహాటంగా రాసింది. మగవాళ్లు తమకి లేని శీలం ఆడవాళ్ల దగ్గర అడుగుతారేంటని నిలదీసింది. అంతే, అందరూ తలుపులేశారు. 1948లో సియోల్‌లో దిక్కులేనివాళ్ల ఆస్పత్రిలో పేరు కూడా తెలియకుండా పోయింది.

ఇప్పుడు ఆమె విగ్రహం పక్కన ఫొటోలు దిగుతారు. మావారు కూడా దిగారు. నేను దిగలేదు.

సూటిమాట | ఆదివారం ఉదయం 9:40

అక్కా, గిది మస్తుగ చెప్పినవ్. కానీ నా ప్రశ్న గట్లనే ఉంది. ఆమె జపాన్‌ల నేర్సుకున్నది, ఎద్దాయన జపాన్‌ల నేర్సుకున్నడు, టీవీలాయన జర్మనీల. పారిస్‌ల పుట్టిన పద్ధతి టోక్యో మీంచి సియోల్‌కు దిగుమతైంది. సరుకు బయటిది, పద్ధతి బయటిది. నా మాట తప్పా?

కుంచె మాస్టారు | ఆదివారం ఉదయం 10:30

సగం తప్పు కాదు. తైలవర్ణం మొదట నేర్చుకొచ్చిన కో హుయ్ దోంగ్ 1915లో టోక్యోలో చదువు పూర్తిచేశాడు, మళ్లీ తర్వాత సిరాబొమ్మలకే తిరిగిపోయాడు. వలసపాలనలో ఉన్నవాళ్లకి ఆధునికం పాలకుడి గుమ్మం మీదుగానే వస్తుంది. మనకి కలకత్తా, మద్రాసు కాలేజీలు ఎవరు పెట్టారో గుర్తు తెచ్చుకోండి.

కానీ సరుకు బయటిది అన్నారే, ఆ మాట పట్టుకోండి. వెండిరేకు బయటిదే, యుద్ధంతో దేశంలోకి దిగిన సిగరెట్ల పెట్టెలోది. పాక్ సూ గున్ యుద్ధకాలంలో సియోల్‌లో అమెరికన్ సైనికుల దుకాణంలో కూర్చుని, వాళ్ల భార్యల ఫొటోలు చూసి పట్టు రుమాళ్ల మీద మొహాలు గీసి కుటుంబాన్ని పోషించాడు. (అదే దుకాణంలో పనిచేసిన అమ్మాయి పాక్ వాన్ సో తర్వాత పెద్ద రచయిత్రి అయింది, తొలి నవలకి ఆయనే ప్రేరణ.) ఇంటికొచ్చి ఆయన గీసినవి చెట్టూ, బిడ్డని వీపున కట్టుకున్న పిల్లా, బట్టలుతికే ఆడవాళ్లూ. రంగు పొర మీద పొర వేసి గరుకు రాయిలా చేసేవాడు. వాళ్ల కొండల్లో ఉండే గ్రానైటు. దగ్గరగా చూస్తే రాయి, పది అడుగులు వెనక్కి వస్తే మనుషులు.

కృష్ణలంక గారు చూసిన తెల్ల బట్టలు 1970ల నాటివి. తన్సేక్వా అంటారు, ఒకే రంగు బొమ్మ అని. హా చోంగ్ హ్యున్ అనే ఆయన వాడింది గోనెపట్టా. యుద్ధం తర్వాత అమెరికా నుంచి సాయంగా ధాన్యం ఆ గోనెల్లో వచ్చేది. రంగుని ముందువైపు పూయడు. వెనక నుంచి నూకుతాడు. అల్లిక సందుల్లోంచి రంగు బొట్లు బొట్లుగా, జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు, ముందుకి వస్తుంది. పాక్ సొ బోది ఇంకో దారి. బడికి పోని వయసున్న కొడుకు గళ్ల పుస్తకంలో అక్షరం రాయలేక, విసుగొచ్చి పెన్సిలుతో గీకి పారేయడం చూశాడు. అక్కడ దొరికింది ఆయనకి 1967లో. తడి రంగు మీద పెన్సిలు గీతలు, దాని మీద మళ్లీ రంగు, మళ్లీ గీతలు. 2023లో చనిపోయేదాకా ఆ వరసని వదల్లేదు.

సూటిమాట | ఆదివారం ఉదయం 10:44

గోనె ముచ్చట బాగున్నది. పెన్సిల్ గీతలు మాత్రం నాకొద్దు. గవి కోట్ల రూపాయలకు పోతయ్, గదే నా బాధ.

కుంచె మాస్టారు | ఆదివారం ఉదయం 11:10

ఆ బాధ నాకూ ఉంది. 2010ల తర్వాత వేలం పాటలవాళ్లకి ఇవి దొరికాయి, గోడకి పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది కలిగించని బొమ్మలు కదా. ఆ కాలంలో సైనిక పాలన ఉంది, వీళ్లు మౌనంగా తెల్లరంగు పూసుకుంటూ కూర్చున్నారని కొరియాలోనే తిట్టారు. 1980లో గ్వాంగ్జులో జనాన్ని కాల్చాక వచ్చిన కుర్రాళ్లు చెక్క మీద చెక్కి, బ్యానర్ల మీద గీసి వీధుల్లోకి తెచ్చారు. వాళ్లలో ఓహ్ యూన్ అనే ఆయన చెక్క అచ్చులు వెతికి చూడండి. మన చిత్తప్రసాద్ బెంగాల్ కరువు బొమ్మల పక్కన పెడితే సొంత అన్నదమ్ములనిపిస్తాయి.

కానీ మౌనంగా ఉన్నవాళ్లందరూ సుఖంగా ఉన్నారనుకోకండి. యూన్ హ్యోంగ్ గున్ 1973లో జైలుకి వెళ్లొచ్చాడు. ఆ తర్వాత ఆయన బొమ్మల్లో రంగులు పోయాయి. నల్లగా రెండు స్తంభాలు, మధ్యలో కొంచెం ఖాళీ. నేను నిజంగా ముందు నిలబడి చూసిన తన్సేక్వా అదొక్కటే. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు.

డేజన్ కుర్రాడు | ఆదివారం మధ్యాహ్నం 12:25

ఆలస్యంగా వచ్చా, ల్యాబులో ఉన్నా. జైలు మాట వచ్చింది కాబట్టి నేను చెప్పాల్సింది ఒకటుంది.

డేజన్‌లో లీ ఉంగ్‌నో మ్యూజియం ఉంది, నా హాస్టల్ నుంచి బస్సులో కాసేపే. మొదటిసారి వర్షానికి తడవకుండా దూరాను. లీ ఉంగ్‌నో 1904లో పుట్టాడు. యాభై దాటాక, 1958లో బయల్దేరి ఐరోపా వెళ్లి పారిస్‌లో ఉండిపోయాడు. 1964లో అక్కడ ఫ్రెంచివాళ్లకి సిరా, కుంచె పని నేర్పే బడి పెట్టాడు. నేర్చుకోవడానికి పారిస్ వెళ్లేవాళ్ల కాలంలో నేర్పడానికి కూర్చున్నాడన్నమాట. సూటిమాట అన్నా, దిగుమతి అన్నావుగా, ఇది ఎగుమతి.

1967లో కొరియా గూఢచారి సంస్థ ఐరోపాలో ఉన్న కొరియన్లని, చదువుకునేవాళ్లనీ కళాకారులనీ, ఉత్తర కొరియా గూఢచారులన్న పేరుతో పట్టుకొచ్చింది. తూర్పు బెర్లిన్ కేసు అంటారు. సంగీతకారుడు యూన్ ఇసాంగ్‌ని కూడా అందులోనే తెచ్చారు. యుద్ధంలో ఉత్తరాన ఉండిపోయిన కొడుకు సంగతి తెలుస్తుందన్న ఆశతో లీ ఉంగ్‌నో తూర్పు బెర్లిన్ వెళ్లాడు, అదే నేరమైంది. రెండేళ్లకు పైగా జైలు. అందులో డేజన్ జైలు కూడా ఉంది.

జైల్లో రంగుల్లేవు, కాగితం లేదు. అన్నంతో పాటు వచ్చే సోయా సాస్ సిరా అయింది, పాయిఖానా కాగితం కాగితమైంది. పెట్టిన అన్నంలో కొంచెం మిగిల్చి, మెతుకులు పాత న్యూస్‌పేపరుతో కలిపి మెత్తగా పిసికి బొమ్మలు చేశాడు. రెండు అరచేతులంత మనుషుల బొమ్మలు. గాజుపెట్టె దగ్గర వంగి చూశాను. బూడిదరంగు ముద్దలో అక్కడక్కడ మెతుకు ఆకారం అలాగే ఉంది. మా అమ్మమ్మ గాలిపటానికి అన్నం మెతుకులే జిగురుగా పెట్టేది, చేతికి ఆ జిగట తెలిసిపోయింది. పొట్ట మాడ్చుకుని చేసిన బొమ్మలవి.

1980 తర్వాత ఆయన పారిస్‌లో గుంపులు గీయడం మొదలుపెట్టాడు. పెద్ద కాగితం నిండా నల్ల సిరాతో వందల మంది చిన్న మనుషులు, చేతులెత్తి ఎగురుతూ. దూరం నుంచి చూస్తే ఏదో లిపిలా ఉంటుంది. గ్వాంగ్జు అని కొందరు, నాట్యం అని కొందరు. 1989 జనవరిలో సియోల్‌లో ఆయన పెద్ద ప్రదర్శన మొదలైంది, అప్పుడే పారిస్‌లో పోయాడు. రాలేదు.

సూటిమాట | ఆదివారం మధ్యాహ్నం 12:58

తమ్మీ, గీ ఒక్క ముచ్చటకి నేను ఓడిపోయిన. పెన్సిల్ గీతలకి కాదు, మెతుకులకి.

సువాన్ అక్క | ఆదివారం మధ్యాహ్నం 1:20

మన దేశంతో లంకె ఉన్నవాళ్లు ఎవరూ లేరా అని చూస్తే ఒకరు దొరికారు. కిమ్‌సూజా. 1957లో పుట్టింది. 1983లో అమ్మతో కూర్చుని దుప్పటి కుడుతుంటే, సూది గుడ్డలో దిగిన క్షణంలో తనకి దారి దొరికిందని చెప్పుకుంది. పెళ్లి దుప్పట్ల రంగురంగుల గుడ్డల్లో పాత బట్టలు కట్టి మూటలు చేస్తుంది. కొరియాలో వాటిని బొత్తారి అంటారు, యుద్ధంలో జనం నెత్తిన పెట్టుకుని పారిపోయిన మూటలే. తర్వాత ప్రపంచమంతా తిరిగి రద్దీ వీధుల్లో కెమెరాకి వీపు పెట్టి కదలకుండా నిలబడింది. టోక్యో, లేగోస్, కైరో, వాటిలో ఢిల్లీ కూడా. 2000లో ఢిల్లీలో యమున ఒడ్డున అలాగే నిలబడింది. ముందు నది, ఎక్కడో పైన కాలిన చితుల నుంచి కొట్టుకొచ్చే పూలూ బూడిదా. పది నిమిషాలు చూస్తే కదిలేది నదా ఆమా అని తికమక వస్తుంది.

ఢిల్లీ వీధి వీడియోలో తమాషా ఏంటంటే, మనవాళ్లు ఆగి నిలబడి ఆమె మొహంలోకి చూసి పోతారు. టోక్యోలో ఎవరూ చూడరు!

ఎల్‌ఓటీ బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 1:45

అమ్మా, మనం చూడకుండా ఎలా ఉంటాం.

కృష్ణలంక బాబూ, ఇవాళ ఆదివారం కదా, మళ్లీ పోయావా? నాకో సందేహం తీర్చు. ఆ గోపురం 2018లో ఆపేసి, నాలుగేళ్లు బాగుచేసి 2022లో మళ్లీ వేశారని చదివాను. 737 ట్యూబు సెట్లు పాత సామాను వెతికి బాగుచేశారట, పైన ఉన్న చిన్నవి, 6 అంగుళాలవీ 10 అంగుళాలవీ, 266 మాత్రం దొరక్క ఎల్‌సీడీలు పెట్టారట. నాకు ఆ 737 సంగతి విని చేతులెత్తి మొక్కాలనిపించింది. ఇప్పుడు పిక్చర్ ట్యూబు తయారుచేసేవాడు ఎక్కడున్నాడు? పైన ఎల్‌సీడీ, కింద ట్యూబు. తేడా కంటికి తెలుస్తుందా?

కుంచె మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 2:10

బాబాయ్ గారూ, దీని మీద పెద్ద గొడవే జరిగింది. ట్యూబు మారిస్తే అది పైక్ పనేనా, ఎల్‌సీడీ పెట్టేస్తే పోలేదా, అసలు ఆరిపోనిస్తే ఏం అని. నేనైతే జీర్ణోద్ధారణ అంటాను. విరిగిన రాయి మార్చినంత మాత్రాన గుడి మారిపోతుందా?

ఎల్‌ఓటీ బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 2:22

రాయికి వెలుగు ఉండదు మాస్టారూ. ట్యూబు వెలుగు వేరు, అద్దం వెనక పూసిన ఫాస్ఫర్ పొర తనే వెలుగుతుంది. ఎల్‌సీడీలో వెనక దీపం పెట్టి ముందు తెర అడ్డం పెడతారు. నల్లరంగు చూస్తే దొరికిపోతుంది.

కృష్ణలంక | ఆదివారం సాయంత్రం 6:40

పోయాను! రెండింటికల్లా అక్కడున్నా. నిన్నటి గోపురం కాదిది. వెలుగుతుంటే అసలు ఆగి చూడలేం, ఒకే బొమ్మ వందల తెరల్లో పరుగెడుతుంది, మనుషులు, నాట్యాలు, గుడులు, రంగుల సుళ్లు. ఒక ముసలాయన మనవణ్ణి ఎత్తుకుని ఏదో చెబుతున్నాడు, వాడు మాత్రం టీవీల వీపుల వైపు చూపిస్తున్నాడు, అంత లావు ఎందుకున్నాయని కాబోలు.

బాబాయ్, మీ కోసం ఏటవాలు దారి చివరిదాకా ఎక్కి చూశాను. కింద నుంచి తేడా తెలీదు. పై వరసకి దగ్గరగా పోతే తెలుస్తుంది. కొత్తవి చదునుగా, పక్క నుంచి చూస్తే రంగు కొంచెం పాలిపోయి ఉన్నాయి. కింద ట్యూబులవి మధ్యలో ఉబ్బి, మూలల్లో బొమ్మ కొంచెం వంగి ఉంది. నలుపు మీరు చెప్పినట్టే. రెండు మూడు సెట్లలో ఎరుపు ఎక్కువగా కొడుతోంది, ఒకదాంట్లో బొమ్మ సన్నగా వణుకుతోంది.

ఇంకో సంగతి. దగ్గరికెళ్తే సన్నగా ఈల లాంటి మోత వినిపించింది. మా ఇంట్లో చిన్నప్పుడు టీవీ వేయగానే పక్క గదిలోంచి నాకు తెలిసిపోయేది, అదే మోత. నా పక్కనున్న కుర్రాళ్లకి అది టీవీ మోతని తెలిసినట్టు లేదు.

తెల్ల బట్టల గది కూడా మళ్లీ చూశాను. గోనెపట్టాని పక్క నుంచి చూడమన్నట్టు చూశా మాస్టారూ. అవును, జంతికలే.

ఎల్‌ఓటీ బాబాయ్ | ఆదివారం రాత్రి 8:15

ఆ మోత ఎల్‌ఓటీదే నాయనా! సెకనుకి 15,625 సైకిల్స్, మనవైపు సిస్టమ్‌లో. కొరియా వాళ్లది అమెరికా సిస్టమ్, ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. వయసు మీద పడితే వినిపించదు, నాకు 2005లోనే వినిపించడం మానేసింది. నీకింకా వినిపించిందంటే చెవులు బాగున్నట్టే.

ఆ వణికే సెట్టు సంగతి వాళ్లకి ఎవరైనా చెప్పారో లేదో. కెపాసిటర్ ఉబ్బి ఉంటుంది, పది రూపాయల పని. మా మేడ మీద 14 అంగుళాల ట్యూబులు మూడున్నాయి, వాడనివి, డబ్బాలోనే. ఆ మ్యూజియం వాళ్లకి పనికొస్తాయేమో కనుక్కుని చెప్పు. పోస్టు ఖర్చు నేనే పెట్టుకుంటా, పగలకుండా కట్టడం నాకొచ్చు.